ఆయుధ పూజలో ఏడో డిస్కు

ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "డిస్కులు మార్చేదాన్ని" అని చెబుతాను. అడిగినవాళ్ళు మర్యాదకు "ఓహో" అని, వెంటనే టమేటా ధర గురించి మాట్లాడటం మొదలుపెడతారు. హొసూరులో టమేటా ధర ఎప్పుడూ మాట్లాడదగ్గ విషయమే కాబట్టి నేనూ ఏమీ అనుకోను. కానీ ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అడిగినప్పుడు అంత తేలిగ్గా తప్పించుకోలేను. వాళ్ళకు కోర్సుల్లో కమాండ్లు నేర్పుతారు, బొమ్మలు గీసి చూపిస్తారు. పని ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఒళ్ళో పెట్టుకుని తిరిగిన సరుకు

మాది కెలవరపల్లి పక్క ఊరు. ఇంట్లో వాళ్ళు రాగులు, చిక్కుడు, గులాబీలు పండించేవారు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, సర్వర్లు అమ్మి వాటి బాగోగులు చూసే ఒక సంస్థలో చేరాను. హొసూరు నుంచి కృష్ణగిరి దాకా రోడ్డు పొడుగునా ఉన్న ఫ్యాక్టరీలు, ఆస్పత్రులు, కాలేజీలు నా వంతుకు వచ్చాయి. కొత్త డిస్కును దాని కవరుతో సహా టవల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. బస్సు గుంతలో పడితే నా నడుము సంగతి తర్వాత, ముందు డిస్కును రెండు చేతులా పైకెత్తేదాన్ని. ఒక కండక్టర్ చాలాసార్లు చూసి చూసి ఒకరోజు అడిగేశాడు.

"ఏమ్మా, అంత బద్రంగా పట్టుకోనుండావే, బిడ్డనా?"

"బిడ్డ కింద పడితే ఏడ్చి ఊరుకుంటాదన్నా. ఇది పడితే ఒక కంపెనీ అంతా ఏడుస్తాది" అన్నాను.

"అట్లయితే అర టికెట్టు తీసుకో" అని నవ్వి వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన బస్సులో ఎక్కినప్పుడల్లా ముందు వైపు సీటు చూపించేవాడు, వెనక కుదుపు ఎక్కువని.

గేటు దగ్గర మరో తమాషా. నేను ఆటో దిగగానే సెక్యూరిటీ ఆయన నా వెనక్కి తొంగి చూసి, "ఇంజనీరు యాడమ్మా?" అని అడిగేవాడు. "ఈడనే ఉండాను గదప్పా" అనేదాన్ని. నా చేతిలోని మూట చూసి అది భోజనమనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత వాళ్ళు పెట్టే మొహాలు చూడటమే సరదాగా ఉండేది.

ఇంతకీ ఆ డిస్కులు చేసే పని ఏమిటంటే, కొన్నింటిని ఒక జట్టుగా కట్టి ఒకే పెద్ద డిస్కులా నడిపించడం. దాన్నే రెయిడ్ అంటారు. నేను ఎక్కువగా చూసిన పద్ధతిలో, జట్టులో ఒకటి చచ్చిపోయినా మిగిలినవి దాని దగ్గర ఏముందో లెక్క కట్టి చెప్పేస్తాయి. సర్వర్ ఆగదు. చచ్చిన దాని ముందు ఎర్రటి లైటు వెలుగుతుంది. దాన్ని లాగేసి కొత్తది పెడితే, పోయినదంతా మిగిలినవి కలిసి మళ్ళీ రాసిపెడతాయి. అయితే రెండు ఒకేసారి పోతే జట్టు కూలిపోతుంది, అందులో ఉన్నదంతా పోతుంది. మా భయమంతా ఆ రెండోదాని గురించే.

శేషాద్రి సార్ గొంతు

నా మొదటి బాస్ శేషాద్రి సార్. స్పేర్ పార్టులు ఇవ్వడంలో పరమ పిసినారి. మెచ్చుకోలు మాటల్లో అంతకంటే పిసినారి. కానీ డిస్కును గుర్తుపట్టడం ఎలాగో ఆయన నేర్పినట్టు ఇంకెవరూ నేర్పలేరు.

ఆయన పద్ధతి ఇదీ. లాగబోయే డిస్కు సీరియల్ నంబరును ఒకరు స్క్రీన్ మీద చూసి గట్టిగా చదవాలి. ఇంకొకరు డిస్కు ముందు నిలబడి, దాని లేబుల్ మీద ఉన్నది గట్టిగా చదవాలి. రెండూ ఒకటైతేనే చెయ్యి వెయ్యాలి. సర్వర్ రూములో ఫ్యాన్ల హోరు ఎక్కువ కాబట్టి అరవాల్సి వచ్చేది. బయట వాళ్ళు మేం కొట్లాడుకుంటున్నామని తలుపు తీసి చూసేవారు. ఇంకెవరూ లేకపోతే సెక్యూరిటీ ఆయన్నైనా పిలిచి చదివించమనేవారు సార్. నేను అలా చాలామంది చేత చదివించాను. వాళ్ళకు మహా ఉత్సాహంగా ఉండేది.

"లైటు చూస్తే చాలదా సార్?" అని ఒకసారి అడిగాను.

"లైటు అబద్ధం చెబుతుందమ్మా. స్టిక్కరు అబద్ధం చెబుతుంది. ఎంత తెలిసినా మనమూ చెబుతాం, కళ్ళు అలసిపోయినప్పుడు" అన్నారు.

హొసూరులో మా సహోద్యోగి ఒకతను ఈ తంతు తన పరువుకు తక్కువనుకున్నాడు. స్క్రీన్ మీద స్లాట్ రెండులో, అంటే ఆ నంబరు గూటిలో, డిస్కు పోయిందని ఉంది. అతను ఎడమ నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టి రెండోది లాగేశాడు. ఆ సర్వర్ తన స్లాట్లను సున్నా నుంచి లెక్కపెట్టుకుంటుంది. చచ్చినది లోపలే ఉంది, బతికున్నది అతని చేతిలో ఉంది. సార్ వచ్చి అతన్ని ఒక్క మాట అనలేదు. అతని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, బాగు చేసేదాకా లేవలేదు. ఆ తర్వాత అతనంత గట్టిగా నంబర్లు చదివేవాడు మా జట్టులో లేడు.

ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకునేవాళ్ళు

కృష్ణగిరిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు నన్ను చూసినప్పుడల్లా, "మాకు రెయిడ్ ఉండాది గదమ్మా, ఇంక బ్యాకప్ ఏంటికి?" అనేవారు. నేను చెప్పేది చెప్పేదాన్ని, ఆయన మామిడి రసం ఇచ్చి పంపేసేవారు. ఒకరోజు వాళ్ళ ఆఫీసులో ఎవరో పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేశారు. రెయిడ్ ఆ చెరపడాన్ని కూడా ఎంతో శ్రద్ధగా అన్ని డిస్కుల మీదా చేసిపెట్టింది. దానికి ఏది ఉంచాలో, ఏది చెరపాలో తెలియదు, చెప్పింది చెయ్యడమే తెలుసు. డిస్కు చచ్చిపోతే కాపాడేది రెయిడ్. మనిషి తప్పు చేస్తే కాపాడేది వేరే చోట దాచిన నకలు. ఇది నేను చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మాట. మీరూ అరగదీసుకుంటారు.

తిమ్మరాయప్ప టూల్ రూమ్

సూళగిరిలో తిమ్మరాయప్ప అని ఒకాయన ఉన్నారు. ఫ్యాక్టరీలకు డైలు, అంటే రేకును ఒత్తి ఆకారం తెచ్చే అచ్చులు, చేసిపెట్టే చిన్న టూల్ రూమ్ ఆయనది. కమ్మరి పని చేసే కుటుంబం. ఆయన లేత్ మిషన్ మీద పని మొదలుపెట్టి, తనంతట తానే కంప్యూటర్ మీద డ్రాయింగు నేర్చుకున్నారు. ఆయన చేసిన ప్రతి డై డ్రాయింగూ ఆరు డిస్కుల సర్వర్లో ఉండేది. బ్యాకప్ కూడా ఉంది, అదే సర్వర్లో! బీరువా తాళం చెవికి నకలు చేయించి, ఆ నకలును అదే బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం లాంటిది. మార్చమని నేను పోరితే, "వచ్చే నెల చేస్తాం గిరిజమ్మా" అనేవారు. ఆ నెల ఎప్పుడూ రాలేదు.

ఒకసారి ఆ ఆరింటిలో ఒక డిస్కు పోయింది. మార్చాను. అదే కంపెనీ డిస్కు అప్పటికి దొరకలేదు కాబట్టి వేరే కంపెనీది పెట్టాను. మిగతా ఐదింటి లేబుళ్ళు తెలుపు, దీనిది ఆకుపచ్చ. తీసేసిన డిస్కును మళ్ళీ ఎవరూ వాడకుండా, మా పద్ధతి ప్రకారం డ్రిల్లుతో బొక్క వేయాలి. తిమ్మరాయప్ప అడ్డం పడ్డారు.

"ఇన్నేండ్లు రేయింబగలు మనకోసరం తిరిగింది గదమ్మా. దాని కడుపులో బొక్క వేస్తావా? ఉండనీ."

ఆయన టూల్ రూములో అరిగిపోయిన పనిముట్టును పారేయరు. ఒక గూటిలో పెడతారు. ఆయుధ పూజ నాడు కొత్తవాటితో పాటు వాటికీ బొట్టు పెడతారు. వాళ్ళ నాన్న వాడిన సుత్తి కూడా అందులో ఉంది. నాకు ఆ అలవాటు నచ్చింది, అందుకే పట్టుబట్టలేదు. డిస్కు మీద మార్కరుతో పెద్ద ఇంటూ గుర్తు వేసి ఆయన చేతికిచ్చాను.

ఆ తర్వాత, నేను రిటైరయ్యే ముందు ఆఖరి ఆయుధ పూజ వచ్చింది. మరుసటి రోజు విజయదశమి. ఆ మర్నాడు ఉదయం తిమ్మరాయప్ప ఫోన్.

"గిరిజమ్మా, సర్వర్ లేయలేదు. స్క్రీన్ మీద ఏందో అడుగుతా ఉండాది. కొత్తగా మొదలుపెట్టేదా, అవునా కాదా అని. అవును అనేదా?"

"ఏమీ అనొద్దు! లేచి పక్కకు రాండప్పా. ఎవుర్నీ ఆ కుర్చీలో కూర్చోనీయొద్దు. వస్తా ఉండాను."

ఆ "అవును" నొక్కి ఉంటే ఉన్నదంతా చెరిగిపోయి అక్కడితో కథ ముగిసేది.

ఏడింటికి బొట్లు

టూల్ రూముకు వెళ్ళేసరికి మిషన్లన్నిటికీ అరటి పిలకలు కట్టి ఉన్నాయి. గేటు ముందు పగలగొట్టిన గుమ్మడికాయ, నేల మీద బొరుగులు. మనుషులు మాత్రం మిషన్ల పక్కన ఊరికే నిలబడి ఉన్నారు. డ్రాయింగు లేకుండా ఏ పనీ నడవదు. ఒక ఫ్యాక్టరీ మనిషి, డైలో చిన్న మార్పు చేయించుకుని పోదామని వచ్చి, వాచీ చూసుకుంటున్నాడు.

సర్వర్ ముందు నిలబడితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆరు డిస్కుల ముందూ గంధం, దాని మీద కుంకుమ. సరిగ్గా లైట్ల మీద. ఎర్రగా వెలిగేది ఏదో, పచ్చగా వెలిగేది ఏదో దేవుడికే తెలియాలి.

ఏం జరిగిందో తిమ్మరాయప్పే చెప్పారు. ఆయుధ పూజ నాడు పనిముట్టుకు విశ్రాంతి కాబట్టి సర్వర్ ఆపేశారు. అంత దుమ్ము ఎప్పుడూ తుడవలేదు కదా అని డిస్కులన్నీ బయటికి తీసి, శుభ్రంగా తుడిచి, దేవుడి పటం ముందు వరసగా పేర్చారు. గూటిలో ఉన్న పాతదాన్ని కూడా తెచ్చి పక్కన పెట్టారు. అంటే ఏడు. కావేరిపట్టణం నుంచి వచ్చిన ఆయన అక్క లక్ష్మమ్మ ఏడింటికీ బొట్లు పెట్టి, పూలు వేసి, హారతి ఇచ్చింది. పూజ అయ్యాక ఆరు లోపల పెట్టి, పాతది పక్కన ఉంచారు.

"పాతది ఏదని ఎట్ల తెలిసింది?" అని అడిగాను.

"అదేం కష్టం? ఆరు ఒకే జాతివి. ఒకటి వేరేగా ఉన్నింది. అదే ఏరేసినాం."

బొట్లు తుడిచి చూశాను. ఆరింటికీ తెల్ల లేబుళ్ళే. ఆకుపచ్చ లేబుల్ డిస్కు లేదు. చచ్చిపోయిన పాతదాన్ని లోపల పెట్టి, బతికున్న కొత్తదాన్ని బయట పెట్టేశారు. నేను వేసిన ఇంటూ గుర్తును థిన్నరుతో తుడిచి తళతళలాడించారు. ఎవరినీ తప్పు పట్టలేకపోయాను. వాళ్ళ స్థానంలో ఎవరున్నా ఒకలాంటివాటినే ఒకచోట పెడతారు.

ఆ ఒక్కటి మాత్రమే తప్పిపోయి ఉంటే సర్వర్ లేచేది, మిగిలిన ఐదూ నడిపేవి. కానీ ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన డిస్కును ఒకసారి ఆపితే, కొన్ని మళ్ళీ తిరగవు. ఆ ఐదింటిలో ఒకటి అలాగే మొండికేసింది. తిమ్మరాయప్పను స్క్రీన్ ముందు నిలబెట్టి నంబర్లు చదివించాను, నేను లేబుళ్ళు చదివాను. జట్టులో నాలుగే మిగిలాయి. ఆకుపచ్చ డిస్కు దొరికితే ఐదవుతాయి, అన్నీ తిరిగి వస్తాయి. దొరక్కపోతే ఏమీ రాదు.

"ఆ వేరేగా ఉన్న డిస్కు యాడప్పా?"

తిమ్మరాయప్ప మొహం పాలిపోయింది. "అక్క తీసుకుపోయింది. పూజ పూలతో పాటు ఏట్లో వదిలేదానికి."

ఏటి దగ్గరికి పోయిన డిస్కు

చిరిగిన దేవుడి పటాలు, విరిగిన విగ్రహాలు పారే నీళ్ళలో వదలడం మా వైపు వాడుక. పని అయిపోయిన పనిముట్టును కూడా, తమ్ముడిలా గూట్లో దాచకుండా, మర్యాదగా అలాగే సాగనంపాలని లక్ష్మమ్మ అనుకుంది. కావేరిపట్టణంలో వాళ్ళింటికి ఏరు దగ్గరే.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. తిమ్మరాయప్ప బొరుగులు పోసిన పళ్ళెం పక్కకు జరిపి స్టూలు మీద కూలబడ్డారు.

"గిరిజమ్మా, మిషన్లు పోతే అప్పు చేసి కొంటా. నా కండ్లు ముందు మాదిరి లేవు. ఆ గీతలన్నీ మళ్ళీ గీయమంటే నా వల్ల కాదు. ఈడ పనిచేసేవాళ్ళకు ఏం జెప్పేది?"

ఆయన పక్కన నిలబడి నేనే మళ్ళీ నంబరు కలిపాను. ఈసారి ఎత్తింది. ఇద్దరికీ వినబడేలా స్పీకర్ ఆన్ చేశాను.

"అక్కా, నిన్న తీసుకుపోయినావే, ఆ డిస్కు ఏట్లో వేసేసినావా?" తిమ్మరాయప్ప ఫోన్ మీదికి వంగి అడిగారు.

"నిన్న సాయంత్రమే పోయినా గదరా. పూలు వదిలినా, అరిటాకులు వదిలినా..."

"అక్కా, డిస్కు!"

"చెప్పనీరా. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. ఆడ వేస్తే ఎవురి కాలికన్నా గుచ్చుకుంటాది. పంపించేదంటే మర్యాదగా పంపించాల. మనసొప్పలేదు. తిరిగి తెచ్చేసినా."

"ఇప్పుడు యాడుండాది?"

"దేవుని గూట్లో. ఏంటికి అట్ల అరుస్తావు?"

తిమ్మరాయప్ప రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశారు. అంత మనిషి ఏడుస్తుంటే నాకూ ఆగలేదు. ముక్కు తుడుచుకుని ఫోన్ అందుకున్నాను.

"అక్కా, నేను గిరిజను. దాన్ని గుడ్డలో చుట్టి, కుదుపు తగలనీయకుండా తీసుకురా. నీళ్ళు మాత్రం తగలనీయొద్దు."

లక్ష్మమ్మ బస్సు దిగి, డిస్కును పసుపు గుడ్డలో చుట్టి, పండ్ల పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. ఎండిన గంధం చిన్న బ్రష్‌తో దులిపాను. తిమ్మరాయప్ప స్క్రీన్ మీది నంబరు చదివారు, నేను లేబుల్ మీది నంబరు చదివాను. పాతది తీసి దీన్ని పెట్టాను. సర్వర్ మధ్యలో పైకి లేవలేదు కాబట్టి, దేని మీదా కొత్తగా ఏదీ రాయలేదు. ఈ డిస్కు బయట తిరిగి వచ్చినా మిగతావాటితో లెక్క తప్పలేదు. కాసేపు గరగరలాడి, జట్టు లేచింది.

లేవగానే కొత్త డిస్కు పెట్టాలని తొందరపడకండి. ముందు ఉన్నదంతా వేరే పెట్టెలోకి నకలు తీయండి. మిగతా మరమ్మతు తర్వాత. ముసలి డిస్కుల చేత కొత్తదాన్ని నింపే బరువు పని చేయిస్తే ఇంకొకటి పోవచ్చు. నకలు అవుతున్నంతసేపూ లక్ష్మమ్మ లోపలి నుంచి తీసిన ఆ పాత డిస్కును చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఆ పొద్దే దీనికి బొక్క వేసుంటే నాకు ఈ బస్సు తిరుగుడు తప్పుండేది" అని తమ్ముడి వైపు చూసింది. ఆయనే లేచి, దాన్ని తన డ్రిల్లింగ్ మిషన్ మీద బిగించి బొక్క వేశారు. వేసి, నాన్న సుత్తి పక్కన పెట్టారు. పూజ మానమని నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి. బొట్టు ర్యాకు తలుపు మీద పెట్టమని, డిస్కులు బయటికి తీయొద్దని మాత్రం చెప్పాను. నకలును టూల్ రూములో కాకుండా ఇంట్లో పెట్టించాను.

నకలు పూర్తయ్యాక, "ఏదన్నా ఒక డ్రాయింగు తెరిచి చూడండప్పా" అన్నాను. డిస్కు లేస్తే చాలదు. లోపల ఉన్నది ఉన్నట్టే ఉందని సొంతదారు కళ్ళతో చూసి చెప్పాలి.

తిమ్మరాయప్ప కళ్ళద్దాలు పెట్టుకుని, ఏదో బాగా పాత డ్రాయింగు తెరిచారు. తలుపు బందు డై అనుకుంటా. దగ్గరికి వంగి చూశారు. ఆయన మొహం చూసి నాకు భయం వేసింది.

"ఏమయింది? సరిగ్గా లేదా?"

"అంతా సరిగ్గా ఉండాది. నేను చేసిన తప్పు కూడా అట్లనే ఉండాది. చూడమ్మా, ఈ మూల వొంపు తప్పు. అప్పట్లో డై మీద ఆకురాయితో సరిచేసినా గానీ, ఈడ మార్చలేదు."

అంటూనే కుర్చీ ముందుకు లాక్కుని, మౌస్ పట్టుకుని, ఆ మూల గీత చెరిపి మళ్ళీ గీయడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ మనిషి లోపలికి వచ్చి తన డ్రాయింగు గురించి అడిగితే, "ఒక్క నిమిషం ఉండప్పా" అన్నారు తల తిప్పకుండా. బయట ఎవరో అరటి పిలక విప్పి పక్కన పెట్టి లేత్ ఆన్ చేశారు. దాని వెనకే ఇంకొకటి మొదలైంది.

నేను సామాన్లు సర్దుకుని తలుపు దాకా వచ్చాను.

"కాఫీ తాగి పో గిరిజమ్మా" అన్నారు తిమ్మరాయప్ప, స్క్రీన్ వైపే చూస్తూ.

కాఫీ ఎవరూ తేలేదు. అందరూ పనిలో ఉన్నారు. ఆ మిషన్ల శబ్దం వింటూ కాసేపు గేటు దగ్గర నిలబడి, బస్సెక్కాను.